‘కనపడలేదు’ అంటే సరిపోతుందా?



వానాకాలం రాత్రి రెండు బళ్లు గుద్దుకున్న చోట మొదట వినపడే మాట ఒకటుంది. ఎవరికి ఎంత దెబ్బ తగిలింది, బండికి ఏమైంది అన్నవి తర్వాత. ముందు మాత్రం, "కనపడలేదన్నా." గుద్దినవాడు అబద్ధం చెప్పట్లేదు. నిజంగానే కనపడలేదు. హెల్మెట్ అద్దం మీద నీళ్లు, లోపల ఆవిరి, ఎదురుగా కారు హై బీమ్. ఆ మాట అన్నాక ఇక అడగడానికేమీ లేనట్టు చుట్టూ చేరినవాళ్లు కూడా తలాడిస్తారు. "పాపం, వాన కదా."

ఈ వారం ఆ ఒక్క మాట గురించే రాద్దామనిపించింది. కనపడకపోవడం అనేది మనకు జరిగే విషయమా, లేక అందులో మనం చేసిన పని కూడా ఉంటుందా? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ తప్పు ఎవరిది అన్నది మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు అద్దం సంగతి చూద్దాం. నేను కళ్లజోడు పెట్టుకుంటాను. అంటే హెల్మెట్ వైజర్ దించాక నా కంటికీ రోడ్డుకీ మధ్య రెండు అద్దాలు, మొత్తం నాలుగు పక్కలు. వైజర్ బయటి పక్క, లోపలి పక్క, కళ్లజోడు ముందు పక్క, వెనక పక్క. ఈ నాలుగింటిలో వాన తడిపేది ఎన్నింటినో ఎప్పుడైనా లెక్కేశారా? ఒక్కదాన్నే. వైజర్ బయటి పక్కని. మిగతా మూడింటినీ మసక చేసేది మన ఊపిరే.

ఇందులో పెద్ద రహస్యం లేదు. ఊపిరి వెచ్చగా, తేమగా ఉంటుంది. వాన పడి వైజర్ చల్లబడుతుంది. ఆ తేమ చల్లటి అద్దాన్ని తాకగానే కంటికి విడిగా కనిపించనంత చిన్న చుక్కలుగా మారి అతుక్కుంటుంది. ఒక్కో చుక్కా వెలుగుని ఒక్కో దిక్కుకి చెదరగొడుతుంది. అదే మసక. అందుకే బయట చేత్తో ఎంత తుడిచినా ఏమీ తేడా రాదు. సిగ్నల్ దగ్గర ఎంతోమందిని చూస్తుంటాను, పాపం బయట తుడిచి తుడిచి చిరాకు పడుతుంటారు. మసక ఉన్నది లోపల.

దీనికి మార్గాలు ఉన్నాయి. గడ్డం దగ్గర ఉండే గాలి రంధ్రాన్ని తెరవడం. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు వైజర్‌ని ఒక్క నొక్కు పైకి లేపి గాలి ఆడనివ్వడం. ముక్కు దగ్గర ఊపిరిని కిందకి మళ్లించే చిన్న అడ్డు కొన్ని హెల్మెట్లతో వస్తుంది, దాన్ని తీసి పారేయకుండా ఉంచుకోవడం. కాస్త ఖర్చు పెట్టగలిగితే పిన్‌లాక్ అని లోపల అంటించే రెండో పొర ఉంటుంది. రెండు పొరల మధ్య గాలి ఇరుక్కుని ఉంటుంది కాబట్టి లోపలి పొర చల్లబడదు, ఆవిరి పట్టదు. ఏదీ లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క లోపల పలచగా రాసి మెత్తటి గుడ్డతో తుడిచేయడం. ఈ సబ్బు చిట్కా నాకు భలే నచ్చుతుంది. ఎందుకంటే సబ్బు నీటిని ఆపదు. తేమ వస్తూనే ఉంటుంది. కాకపోతే చుక్కలు చుక్కలుగా నిలబడకుండా సన్నటి పొరలా పరుచుకుంటుంది, వెలుగు తిన్నగా లోపలికి వచ్చేస్తుంది. నీళ్లు ఉన్నాయి, కానీ అడ్డం లేవు.

ఇంకో సంగతి. ట్రాఫిక్‌లో వెనకవాడు ఆపకుండా హారన్ కొడుతుంటే మనకి ఒళ్లు మండుతుంది. రుసరుసలాడుతూ ఊపిరి గట్టిగా వదులుతాం. అప్పుడు వైజర్ ఇంకా త్వరగా మసకబారుతుంది. ఇది నేను ఉపమానంగా చెప్పట్లేదు, మామూలు ఫిజిక్స్. భగవద్గీత మూడో అధ్యాయంలో జ్ఞానాన్ని కామం ఎలా కప్పేస్తుందో చెప్పడానికి నిప్పూ పొగా, అద్దమూ మురికీ, గర్భమూ మాయా అని మూడు పోలికలు వస్తాయి. మూడింటిలోనూ కప్పేది ఎక్కడో దూరం నుంచి వచ్చింది కాదు. పొగ ఆ నిప్పుదే. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు హెల్మెట్ లోపలి మసకే గుర్తొస్తుంది, ఏం చేయను.

సరే, అద్దం మసకబారింది. ఇప్పుడు అసలు ప్రశ్న. చూపు పూర్తిగా పోతే ఎవరైనా ఏం చేస్తారు? ఆగిపోతారు. కళ్లకి గంతలు కడితే ఎంత మొండివాడైనా యాక్సిలరేటర్ తిప్పడు. ప్రమాదం పూర్తి చీకట్లో కంటే సగం చూపులోనే ఎక్కువ. వేదాంతంలో తాడూ పామూ ఉదాహరణ అందరికీ తెలుసు కదా. అందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ పొరపాటు జరగాలంటే మసక వెలుతురు ఉండాలి. పట్టపగలు తాడు తాడులాగే కనిపిస్తుంది. చిమ్మచీకట్లో తాడే కనిపించదు, ఇక పామెక్కడ? సాయంసంధ్య వేళ ఏదో ఉందని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. ఆ ఖాళీని మనసు తన దగ్గరున్న సరుకుతో నింపేస్తుంది.

వాన రాత్రి రోడ్డు మీద మనసు చేసేది అచ్చంగా అదే, కాకపోతే తిరగేసి. తాడులో పాముని చూస్తే భయపడి ఆగుతాం, ప్రాణం దక్కుతుంది. ఇక్కడ పాముని తాడనుకుంటాం. గుంతలో నీళ్లు నిండి రోడ్డుతో సమానంగా కనిపిస్తే దాన్ని రోడ్డే అనుకుంటాం. వెనక లైటు లేని ట్రాలీని ఖాళీ రోడ్డనుకుంటాం. రోజూ వెళ్లే దారి అయితే ఇంకా ఘోరం. నిన్నటి రోడ్డు జ్ఞాపకంలో ఉంటుంది కాబట్టి ఇవాళ కనపడని భాగాన్ని నిన్నటి రోడ్డుతో అతికించేసుకుంటాం. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, మానిటరింగ్ సరిగ్గా పెట్టకపోతే డేటా రావడం ఆగిపోయినా డాష్‌బోర్డ్ ఎర్రగా మారదు. చివరిసారి వచ్చిన ఆకుపచ్చనే చూపిస్తూ కూర్చుంటుంది. అందరూ అంతా బాగుందనుకుని కాఫీకి వెళ్తారు.

దాంతోపాటు తడి రోడ్డు చేసే మోసం ఒకటి. పొడి తారు గరుకుగా ఉంటుంది, మన హెడ్‌లైట్ వెలుగులో కొంత తిరిగి మన వైపే వస్తుంది, అందుకే రోడ్డు కనపడుతుంది. నీళ్లు నిలిస్తే రోడ్డు అద్దంలా మారి ఆ వెలుగుని ముందుకే జార్చేస్తుంది. మన లైటు వెలుగుతున్నా లేనట్టే ఉంటుంది. ఎదుటి బండి వెలుగు మాత్రం అదే అద్దం మీద పడి నేరుగా మన కళ్లలోకి వస్తుంది. ఇక వైజర్ మీద పాత గీతలుంటే ఒక్కో లైటూ ముళ్లపొదలా విచ్చుకుంటుంది. నల్ల వైజర్ పెట్టుకుని రాత్రి నడిపేవాళ్ల గురించి ఏం మాట్లాడాలో నాకు తెలియదు. స్టైల్ అంటారు.

ఇప్పుడు ఒక కథ. మీకు తెలిసిన కథే, కానీ ఈసారి కనపడకపోవడం వైపు నుంచి చూద్దాం. రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి దశరథుడు కౌసల్యతో ఎప్పుడో యువరాజుగా ఉన్నప్పుడు జరిగిన సంగతి చెబుతాడు. అయోధ్యాకాండలో వస్తుంది. మనం శ్రవణకుమారుడి కథ అంటాం గానీ వాల్మీకి ఆ కుర్రాడికి పేరు పెట్టలేదు, మునికుమారుడు అంతే. దశరథుడు వేటకి వెళ్లిన ఆ కాలం ఏమిటో తెలుసా? వానాకాలం. రాత్రి. సరయూ నది ఒడ్డు. నీళ్లు తాగడానికి ఏ ఏనుగో, ఏ పులో వస్తుందని పొంచి ఉన్నాడు. చీకట్లో బుడబుడమని చప్పుడైంది. ఏనుగు అనుకున్నాడు. బాణం వదిలాడు. చీకట్లోంచి మనిషి ఏడుపు వినిపించింది. అది కుండలో నీళ్లు నిండుతున్న చప్పుడు.

"కనపడలేదు" అని ఈ లోకంలో ఎవరైనా నిజాయితీగా అనగలిగితే అది దశరథుడే. చీకటి నిజం. ద్వేషం లేదు. చంపాలనుకున్నది మనిషిని కాదు. మరి ఆయన ఏమంటాడు? కౌసల్యతో చెప్పేటప్పుడు చీకటి మీదకి తోసేయడు. చప్పుడు విని కొట్టగలడు, శబ్దవేధి అని తనకి పేరుండేదనీ, ఆ పేరు కోసమే ఆ పాపం చేశాననీ ఒప్పుకుంటాడు. నాకు ఈ కథలో ఇదే అన్నిటికంటే పెద్ద విషయం అనిపిస్తుంది. చూడకుండా కొట్టగలగడం ఆయన గొప్ప. ఆ గొప్పే చూడాల్సిన అవసరాన్ని మర్చిపోయేలా చేసింది. కొత్తగా విల్లు పట్టినవాడైతే ఆ చీకట్లో బాణం వదిలేవాడే కాదు.

మన బైకర్ల నోట కూడా అలాంటి మాటే వస్తుంది. "ఈ రోడ్డా? కళ్లు మూసుకుని నడిపేస్తా." ఎవరంటారు ఈ మాట? లైసెన్స్ నిన్న వచ్చినవాడు అనడు. పదేళ్లుగా నడుపుతున్నవాడు అంటాడు.

ఆ తర్వాత జరిగిందీ చూడండి. చనిపోతూ ఆ అబ్బాయి తన నొప్పి కంటే దాహంతో ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల గురించే బాధపడతాడు. వాళ్లిద్దరూ గుడ్డివాళ్లు. చూపున్న యువరాజు చూడకుండా బాణం వేస్తే, చూపు లేనివాళ్లకి కళ్లలా ఉన్న ఒక్క కొడుకు పోయాడు. దశరథుడు పారిపోవచ్చు, ఆ చీకట్లో ఎవరు చూశారు? అయినా కుండలో నీళ్లు నింపుకుని వాళ్ల దగ్గరికి వెళ్లి తానే చెబుతాడు. ఆ తండ్రి తీర్పు గమనించండి. నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల పగిలిపోయేది, తెలియక చేశావు కాబట్టి బతికి ఉన్నావు అన్న అర్థంలో మాట్లాడతాడు. అక్కడితో వదిలేశాడా? లేదు. పుత్రశోకంతోనే పోతావని శపించాడు. అంటే తెలియకపోవడం శిక్షని తగ్గించింది, రద్దు చేయలేదు. నాకు ఇది చాలా సూక్ష్మమైన తీర్పు అనిపిస్తుంది. "పాపం, చీకటి కదా" అని కొట్టిపారేయలేదు. "హంతకుడివి" అని కూడా అనలేదు. రెండింటి మధ్య కొలిచి ఇచ్చాడు, అదీ కొడుకుని పోగొట్టుకున్న క్షణంలో.

మన చట్టం కూడా దాదాపు ఇదే దారిలో ఆలోచిస్తుంది. పాత ఐపీసీలోనూ, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ సద్భావం అన్న మాటకి నిర్వచనం ఉంది. తగిన జాగ్రత్త లేకుండా చేసిన పనిని సద్భావంతో చేసినట్టు లెక్కించరు. మనసులో చెడు లేకపోతే చాలదు, చూడాల్సినంత చూశావా అన్నది అడుగుతారు.

చూడాల్సినంత అంటే ఎంత? ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం, మోటు లెక్కే. గంటకి 60 కిలోమీటర్లు అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. అడ్డం ఏదో ఉందని గుర్తించి బ్రేక్ పట్టేసరికి ఒక సెకను అనుకుందాం. 17 మీటర్లు అయిపోయాయి, బండి ఇంకా వేగం తగ్గనే లేదు. తడి రోడ్డు మీద పట్టు పొడి రోడ్డులో సగానికి కాస్త ఎక్కువ ఉందని పెట్టుకుంటే, ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 52. నాలుగు సిటీ బస్సుల్ని వరసగా నిలబెట్టినంత దూరం. అదే 30లో వెళ్తే మొత్తం 17 మీటర్లు, అంటే బస్సున్నర. వేగం సగమైతే ఆగే దూరం మూడో వంతుకి పడిపోయింది. ఏబీఎస్ ఉంది కదా అనకండి. అది చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుంది, తడి రోడ్డుని ఆరబెట్టదు.

ఇప్పుడు మసక వైజర్‌లోంచి ఒక గుంత గుంతలా ఎంత దూరం నుంచి తెలుస్తుందో మీరే చెప్పండి. 20 మీటర్లా? అయితే 60లో వెళ్లేవాడు మిగిలిన 32 మీటర్లు చప్పుడు విని బాణం వేస్తున్నట్టే. ఏనుగే అయి ఉంటుందని నమ్మకం. చాలా రాత్రులు నమ్మకం నిజమవుతుంది కూడా, రోడ్డు ఖాళీగానే ఉంటుంది. అలా నిజమైన ప్రతి రాత్రీ ఆ నమ్మకాన్ని ఇంకొంచెం పెంచుతుంది.

అలాగని ప్రతి "కనపడలేదు" వెనకా తప్పు ఉందని నేననను. మోకాలి లోతు నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే, దాన్ని ఏ చూపూ పట్టుకోలేదు. ఆ తప్పు మూత తీసి వదిలేసినవాళ్లది. నెమ్మదిగా వస్తున్నవాడి కళ్లలోకి ఎదుటి కారు హఠాత్తుగా హై బీమ్ కొడితే ఆ రెండు సెకన్ల గుడ్డితనం అతను తెచ్చుకున్నది కాదు. నేనంటున్నది, మసక అని తెలిసీ పది నిమిషాలుగా అలాగే నడుపుతున్నవాడి గురించి. అతనికి కనపడకపోవడం ఆ చివరి సెకనులో జరిగింది కాదు. పది నిమిషాల క్రితమే మొదలైంది, ఆ పది నిమిషాలూ అతనికి తెలుసు.

"ఆగితే వెనకవాడు గుద్దేస్తాడు" అని ఒక వాదన ఉంది. నిజమే. హైదరాబాద్‌లో గట్టి వాన పడితే ఫ్లైఓవర్ల కింద, మెట్రో స్టేషన్ల కింద ఏం జరుగుతుందో చూశారు కదా. బైకులన్నీ అక్కడే ఆగుతాయి. మొదట ఒక వరస, తర్వాత రెండు, చివరికి రోడ్డులో ఒక్క కారు పట్టేంత దారి మిగులుతుంది. ఆగినవాళ్లు క్షేమం, వెనక నుంచి వచ్చేవాడికి మలుపు తిరగ్గానే గోడలా బళ్లు. నా చూపు కోసం నేను ఆగడం సరైనదే, కానీ వెనకవాడి చూపుకి నేను అడ్డం కాకూడదు. పెట్రోల్ బంకులోకో, సందులోకో పూర్తిగా రోడ్డు దిగి ఆగాలి. ఇండికేటర్ ముందే వేయాలి. ఫుట్‌పాత్ అంచుకి ఆనించి ఫోన్ చూసుకుంటూ నిలబడితే అది సగం ఆగడమే.

ఇంకో వాదనకి నా దగ్గర అంత తేలికైన జవాబు లేదు. డెలివరీ అబ్బాయిలు. మనలాంటివాళ్లకి వాన తగ్గేదాకా ఆగడం ఒక నిర్ణయం. ఆర్డర్ లెక్కన డబ్బులొచ్చే మనిషికి ఆగడం అంటే ఆ రోజు సంపాదన. అతనికి పిన్‌లాక్ గురించి, తడి రోడ్డు పట్టు గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. ఆ బాణం అతని చేతిలో ఉన్నా, తొందర మన చేతిలో ఉంది. సోఫాలో కూర్చుని యాప్‌లో చిన్న బైక్ బొమ్మ కదలట్లేదని ఫోన్ చేసి "ఎక్కడున్నావ్ భయ్యా" అంటాం. అతను ఆ ఫోన్ ఎత్తడానికి ఒక చెయ్యి తీస్తాడు. వానలో, మసక వైజర్‌తో. రేపు ఏదైనా అయితే "కనపడలేదు" అనేది అతను. మనకైతే ఆ మాట అనాల్సిన అవసరం కూడా రాదు. మనం నిజంగానే ఏమీ చూడలేదు. వీలైతే వాన పడుతున్నప్పుడు ఆర్డర్ పెట్టకండి. పెడితే, నెమ్మదిగా రమ్మని ముందే ఒక మెసేజ్ పెట్టండి.

ఇక మన ఛానెల్ చూసేవాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది, "దేవుడున్నాడు, ఆయనే చూసుకుంటాడు." నేనూ నమ్ముతాను. దసరాకి బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దండ వేసి పూజ చేస్తాం. హెడ్‌లైట్ అద్దం మీద కూడా బొట్టు పెడతాం. చాలా బళ్లకి ఆ బొట్టు సంక్రాంతి దాకా అలాగే ఉంటుంది. అంటే ఆ అద్దాన్ని ఆ తర్వాత ఎవరూ తుడవలేదు. బొట్టు తప్పని కాదు నేననేది. పూజ మర్నాడు తడి గుడ్డతో హెడ్‌లైట్ తుడిస్తే అది పూజకి విరుద్ధం ఎలా అవుతుంది? కురుక్షేత్రం ముందు యుద్ధం చూడటానికి చూపు ఇస్తానని వ్యాసుడు ధృతరాష్ట్రుడిని అడిగితే, నాకొద్దు అన్నాడు. సొంతవాళ్ల చావు చూడలేనన్నాడు. చూడనంత మాత్రాన ఆ చావులు ఆగలేదు. ఇచ్చేవాడు ఇస్తానంటున్నా పుచ్చుకోకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఈ వారం రాత్రి పూట, వాన లేనప్పుడే, ఒక పని చేయండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక ఫ్రెండ్‌ని 20 మీటర్ల దూరంలో బండి హెడ్‌లైట్ మీ వైపు వేసి పక్కన నిలబడమనండి. మీరు హెల్మెట్ పెట్టుకుని, వైజర్ దించి, పైన కాసిని నీళ్లు చల్లుకోండి. రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి వదలండి. తర్వాత అతను ఎన్ని వేళ్లు చూపిస్తున్నాడో చెప్పండి. చెప్పలేకపోతే ముందు వైజర్ విప్పి, రెండు పక్కలా సబ్బు నీళ్లతో కడిగి మళ్లీ చూడండి. పెట్రోల్, కిరోసిన్, థిన్నర్ లాంటివి వాడకండి, ఆ ప్లాస్టిక్ పాడవుతుంది. చొక్కా అంచుతో రుద్దకండి, దుమ్ము గీతలు పెడుతుంది. అప్పటికీ లైటు ముళ్లపొదలాగే కనిపిస్తే వైజర్ మార్చాలి. చాలా హెల్మెట్లకి అద్దం విడిగా దొరుకుతుంది, కొన్ని వందల్లో అయిపోతుంది. కొత్తది బిగించాక పైన ఉండే పలచటి ప్లాస్టిక్ కవర్ పీకేయండి. గీతలు పడతాయని దాన్ని అలాగే ఉంచుకుని నడిపేవాళ్లు కూడా ఉన్నారు.